పులస దాకకి నిమ్మసబ్బు

సామర్లకోట
ఆదివారం

చి.సౌ. కీర్తిప్రియకి,
మీ అత్త అలివేలుమంగ ఆశీర్వదించి రాయునది.

క్షేమంగా చేరాను. మనిషిని చేరాను గానీ ప్రాణమంతా మన వంటింట్లోనే ఉంది. పాలగిన్నె మీద మూత పెట్టావా? స్టేషన్లో దిగుతూనే మా చెల్లెలు దుర్గ నన్ను చూసి ఒకటే నవ్వు. ఎక్కడైనా ఆషాఢం వస్తే కొత్తకోడలు పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళుతుంది గానీ, అత్తగారు పెట్టె సర్దుకుని దిగడం తను పుట్టి ఎరగదట. "అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదన్నారు గానీ, కోడలే పోవాలని ఎక్కడైనా రాశారా?" అన్నాను. కాలేజీలో నీకు సెలవు దొరకదు. రోజూ మీ పుట్టిల్లు రామచంద్రపురం నుంచి భీమవరం వచ్చి కెమిస్ట్రీ పాఠాలు చెప్పడం అయ్యే పని కాదు. అందుకని నేనే కదిలాను. మరి ఆషాఢంలో మొగుడూ పెళ్ళాలు ఒకచోట ఉండొచ్చా అని ఎవరూ అడగలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు.

ఫోన్లు మాత్రం వద్దన్నారు మామ్మగారు. నీకు మామ్మగారు, నాకు అత్తగారు. ఆకివీడులో మా మరిది చినబాబు ఇంట్లో కూర్చునే మనందరినీ నడుపుతారు. నా గొంతు ఆ ఇంట్లో వినిపిస్తే నేను గడప దాటినట్టేనట. ఉత్తరాల సంగతేమిటండీ అంటే, "ఉత్తరానికి గొంతు లేదుగా, రాసుకోండి" అన్నారు. రొయ్యలు వేసుకుని కాకినాడ వెళ్ళే మన ఐసు వ్యాను ఎలాగూ ఇటే వస్తుంది కాబట్టి డ్రైవరు చిట్టియ్య చేత పంపుతాను. కాగితం చెమ్మగిల్లితే కంగారుపడకు, నేను ఏడవడం లేదు, అది ఐసు.

అసలు సంగతి నీకు తెలుసు. తెలిసినా మళ్ళీ చెబుతాను. ఉద్యోగం కోసం అత్తగారిని ఊరు పంపించిన కోడలిని తాను చూడలేదన్నారు మామ్మగారు. శ్రావణం వచ్చేలోగా తాను వచ్చి చూస్తారట. ఇల్లు నేను వదిలినట్టే ఉంటే సరి, లేకపోతే నువ్వు కాలేజీ మానేసి ఇంటిపట్టున ఉండాలి. అందరి ముందూ నేను సరేనని మాటిచ్చాను. రైలెక్కాక గుర్తొచ్చింది. ఆవిడ వేలితో కిటికీ చువ్వల వెనక్కి కూడా రాసి చూస్తారమ్మా.

కాబట్టి విను. ఇత్తడి గుండిగలకి కొన్న పౌడర్లు వద్దు. చింతపండు గుజ్జులో కల్లుప్పు కలిపి కొబ్బరిపీచుతో తోమి, వెంటనే కడిగి, తడి లేకుండా తుడిచెయ్యి. తడి ఉంటే మర్నాటికి మచ్చలు. అద్దాలకి తడిగుడ్డ తర్వాత పాత పేపరు. ముసురు పట్టిందంటే బీరువాలో బట్టలు ముక్కిన వాసన వస్తాయి, కర్పూరం బిళ్ళలు గుడ్డలో కట్టి మూలల్లో పెట్టు. ఫ్రిజ్‌లో వాసనకి చిన్న గిన్నెలో కాఫీపొడి. మిగతావి మళ్ళీ రాస్తాను.

మీ అత్త
అలివేలుమంగ


భీమవరం
మంగళవారం

అత్తయ్యగారికి,
కీర్తి నమస్కారాలు.

పాలగిన్నె మీద మూత పెట్టానండి. పెట్టేలోపు పిల్లి వచ్చి పలకరించి వెళ్ళిందనుకోండి, అది వేరే సంగతి.

మీరు వెళ్ళిన మర్నాడే పనిమనిషి వీరమ్మ కూతురి పురిటికని నరసాపురం వెళ్ళిపోయింది. అదే రోజు కాలేజీలో సప్లిమెంటరీ పేపర్ల కట్టలు నా బల్ల మీద పడేశారు. అంట్లు ఒకవైపు, ఆన్సర్ షీట్లు ఒకవైపు. అయినా మీరేం బెంగపెట్టుకోకండి. గుండిగలు ఎలా మెరుస్తున్నాయంటే చిట్టియ్య వాటిలో చూసుకుని మీసం దువ్వుకున్నాడు. చింతపండు మహిమ!

సింకు జిడ్డుగా ఉంటే యూట్యూబ్‌లో చూసి వంటసోడా, వెనిగరు కలిపి పోశాను. బుస్సుమని పొంగింది, చూడముచ్చటగా ఉంది. కానీ ఆ రెండూ ఒకదాని బలం ఇంకొకటి తినేస్తాయండి. పొంగు చల్లారాక మిగిలేది ఒట్టి ఉప్పునీళ్ళ బాపతు. అందుకని ముందు సోడాతో రుద్ది, కడిగేసి, ఆ తర్వాత కుళాయి తెల్లమచ్చల మీద వెనిగరు గుడ్డ చుట్టాను. ఇప్పుడు తళతళలాడుతోంది. పాలు మాడిన గిన్నెలో నీళ్ళూ సోడా వేసి మరిగిస్తే మాడు పెచ్చులుగా ఊడొచ్చింది. గిన్నె ఎందుకు మాడిందని అడక్కండి.

ఒక చిన్న విషయం. హాల్లో పాలరాయి మీద కాఫీ మరక ఉంటే నిమ్మచెక్క పెట్టి రుద్దాను. మరక పోయింది. దానితోపాటు రాయి మెరుపూ పోయింది. పాలరాయిని పులుపు తినేస్తుందని ఏటా క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెబుతాను అత్తయ్యగారూ! ఇంట్లో గుర్తు రాకపోతే నేనేం చెయ్యను? ప్రస్తుతం ఆ చోట పూలకుండీ పెట్టాను. నడిహాల్లో పూలకుండీ ఏంటని మీ అబ్బాయి అడిగితే వాస్తు అని చెప్పాను. నమ్మేశాడు.

మామయ్యగారు కులాసా. ఈ మధ్య ఆయనకి ఆకలి బాగా వేస్తోంది.

మీ కోడలు
కీర్తి


సామర్లకోట
గురువారం

చి.సౌ. కీర్తికి,

పాలరాయి! నీ ఉత్తరం చదువుతూ అక్కడికి వచ్చేసరికి మంచం మీద కూలబడ్డాను. దుర్గ పరుగెత్తుకొచ్చి ఎవరికేమైందని అడిగింది. ఏమైందని చెప్పను? నీ పుణ్యమా అని నీ కెమిస్ట్రీ హాలు దాకా వచ్చింది.

సరే, అయిందేదో అయింది. పూలకుండీ మాత్రం తీసెయ్యి. మామ్మగారు మొట్టమొదట లేపి చూసేది దాన్నే. అక్కడ తివాచీ వేసి, దాని మీద ఆవిడ కోసం పడక్కుర్చీ వెయ్యి. ఆవిడ కూర్చున్న చోటు కింద ఏముందో చూసే ధైర్యం మన వంశంలో ఎవరికీ లేదు.

ఇక్కడ నా బతుకు ఇలా ఉంది. దుర్గ నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు. దాని కుక్కరు లోపల నల్లగా ఉందని నిమ్మతొక్కలు వేసి మరగబెట్టాను. ఫ్రిజ్ రబ్బర్లు పాత టూత్‌బ్రష్‌తో తోమాను. వాళ్ళాయన తెల్లచొక్కా మీద నూనె మరక పడితే బియ్యప్పిండి అద్ది ఉంచాను. ఆఫీసుకి అదే వేసుకుని వెళ్ళిపోయాడు, పిండితో సహా! "అక్కా, నువ్వు మా ఇంటికి వచ్చిన చుట్టానివి, మునిసిపాలిటీవి కాదు" అని చేతిలో చీపురు లాగేసుకుంది. ఏం తోచక నిన్న సాయంత్రం భీమేశ్వరస్వామి గుడికి వెళ్ళాను. వచ్చేటప్పుడు మిరపకాయ బజ్జీలు తిన్నాను. వీధిలో నిలబడి! ఈ సంగతి మన ఇంట్లో ఎవరికీ చెప్పకు.

బాత్రూముల సంగతి రాయడం మరిచాను. బ్లీచింగ్ పౌడరు చల్లి, దాని మీద యాసిడ్ పొయ్యి. కళ్ళు మండి దగ్గొస్తుంది. పని చేస్తోందనడానికి అదే గుర్తు.

ఇంకొకటి. చిట్టియ్యని మజ్జిగ తాగుతూ ఉంటే ఊరికే అడిగాను, అయ్యగారు ఎలా ఉన్నారని. వాడు గ్లాసు దింపకుండా, "బాగానే ఉన్నారండి, చేతివేళ్ళే కొంచెం నల్లగా ఉన్నాయండి" అన్నాడు. ఎందుకురా అంటే వ్యాను ఎక్కేశాడు. మీ మామగారు ఇంట్లో లేకుండా చెరువు గట్టున ఉన్న వేళ చూసి ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉందండి, ఉంటానండి" అని పెట్టేస్తున్నారు. ఆయన వేళ్ళు ఎందుకు నల్లబడ్డాయి? చెరువు దగ్గర ఏమైనా అయిందా? దాచకుండా రాయి.

మీ అత్త


భీమవరం
శనివారం

అత్తయ్యగారికి,

ముందు బాత్రూము! ఆ పని ఇంకెప్పుడూ చెయ్యకండి! బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే విషవాయువు పుడుతుందండి. మీకు దగ్గొచ్చింది మురికి పోయినందుకు కాదు, మీ ఊపిరితిత్తులు మొత్తుకున్నందుకు. తలుపులు మూసిన బాత్రూములో మనుషులు పడిపోతారు. బ్లీచింగ్‌తో నిమ్మరసం, వెనిగరు కూడా కలపకూడదు. ఏదో ఒకటే, అదీ కిటికీ తెరిచి. దుర్గ పిన్నిగారికి కూడా చెప్పండి. ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఆ భీమేశ్వరుడే కాపాడాడు.

ఇక వేళ్ళ సంగతి. కోప్పడనని ఒట్టు వేసుకుని మిగతాది చదవండి.

వేసుకున్నారా?

గుండిగలు తోమింది నేను కాదండి. మామయ్యగారు.

ఇలా జరిగింది. పూజగదిలో వెండి సామాను నల్లబడితే, ఒక గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వంటసోడా, ఉప్పు వేసి, మరిగే నీళ్ళు పోసి వెండి కుందులు దింపాను. నలుపు దానంతటదే వదిలిపోతుంది, రుద్దే పని లేదు. కానీ కాస్త కుళ్ళుకోడిగుడ్డు వాసన వస్తుంది. హాల్లో పేపరు చదువుతున్న మామయ్యగారు ఆ వాసనకి లేచి, "చెరువు అడుగు పాడైంది!" అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చేశారు. రొయ్యల చెరువు అడుగున నల్లబురద చేరితే ఇదే వాసనట కదా. గిన్నెలో చూస్తే చెరువు లేదు, తెల్లగా మెరిసిపోతున్న కుందులు ఉన్నాయి. ఆయన మొహం చూడాలండి! "ఇందులో ఏం కలిపారండి? నిష్పత్తి ఎంతండి?" అని నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు. నేను కూర్చుని పేపర్లు దిద్దుకుంటూ ఉంటే ఆయన మిగతా వెండి అంతా ముంచి తీశారు.

మర్నాడు మీ ఉత్తరం బల్ల మీద ఉంటే చదివేశారు. చెరువు నీళ్ళు పరీక్షించే పీహెచ్ కాగితం తెచ్చి చింతపండు గుజ్జులో ముంచారు. "అదీ సంగతి, పులుపే మందు" అని లుంగీ ఎగ్గట్టి గుండిగలన్నీ పెరట్లో వేసుకున్నారు. వేళ్ళకి అంటిన నలుపు అదే. ఆయన్ని చూసి మీ అబ్బాయికి పౌరుషం వచ్చింది. ఇప్పుడు కిటికీ అద్దాలు మామయ్యగారివి, ఫ్యాన్ రెక్కలు తనవి. ఫ్యాన్ రెక్కకి పాత దిండుగలీబు తొడిగి లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుందని మీ అబ్బాయి కనిపెట్టాడు. ఇద్దరికీ ఒకటే పోటీ. మామయ్యగారికి ఆకలి వేస్తోందన్నది అందుకేనండి.

నేను అడగలేదు అత్తయ్యగారూ, నిజం. వద్దని కూడా అనలేదు, అది నిజం.

మీ కీర్తి


సామర్లకోట
సోమవారం

నా తల్లీ కీర్తీ!

ఒట్టు వేసుకోబట్టి కోప్పడలేదు. కోపం రాలేదు కూడా. నమ్మకం రాలేదు. ఉత్తరం మూడోసారి చదివాక దుర్గకి ఇచ్చి పైకి చదవమన్నాను. అది "లుంగీ ఎగ్గట్టి" దగ్గర ఆగిపోయి, ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. మన ఇంట్లో సింకు ఎక్కడుందో ఆదినారాయణరాజుగారికి తెలుసన్న సంగతే నాకు ఇప్పుడు తెలిసింది. కాఫీ తాగి గ్లాసు కూర్చున్న చోటే పెట్టి లేచిపోయే మనిషి! ఆయన చొక్కా గుండీ ఊడితే చొక్కా మార్చుకుంటారు గానీ సూది ఎక్కడుందని అడగరు.

నవ్వడం అయ్యాక భయం వేసింది. ఇది మామ్మగారికి తెలిస్తే మన పని అయిపోయినట్టే. ఆవిడ తన కొడుకుని కంచం దగ్గర నుంచి లేవనివ్వకుండా పెంచారు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు అడిగితే, "మగాడు వంటింటి దాకా నడిచి వచ్చే గతి పట్టించావా" అని నన్ను కేకలేశారు. ఇప్పుడు ఆయన చేత పీచు పట్టించావని తెలిస్తే ఉద్యోగం ఒక్కటే కాదు, నిన్నూ నన్నూ కలిపి ఆకివీడు పిలిపిస్తారు. కాబట్టి చేసుకున్నంత చేసుకోండి, ఆవిడ వచ్చేనాటికి మాత్రం ఆయన హాల్లో పేపరు పట్టుకుని కూర్చుని ఉండాలి. వేళ్ళ నలుపు నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. వేళ్ళు పాలరాయి కాదు, ఏమీ కాదు.

ఆయనకి చెప్పు. ఇత్తడి తోమాక పొడి విబూదితో తుడిస్తే మెరుపు ఎక్కువ నిలుస్తుంది. చెప్పింది నేనని చెప్పు.

బ్లీచింగ్ సంగతి దుర్గకి చెప్పాను. ఇద్దరం కలిసి యాసిడ్ సీసా అవతల పెట్టేశాం. నిన్న ఇద్దరం సినిమాకి కూడా వెళ్ళాం. కథ గుర్తు లేదు, ఏసీ బావుంది.

మీ అత్త


భీమవరం
బుధవారం పొద్దున్న, చాలా తొందరలో

అత్తయ్యగారూ,

నమస్కారాలు తర్వాత. కొంప మునిగింది.

మీరు పులస పులుసు పెట్టే దాక. పై అరలో బోర్లించి ఉన్న నల్లటి మట్టి దాక. మామయ్యగారు దాన్ని చూసి, "అయ్యో, ఇంత నల్లగా పట్టేసింది, పాపం మీ అత్తగారు దీన్ని ఎప్పుడూ తోమలేకపోయినట్టున్నారు" అని జాలిపడ్డారు. మీకు ఆశ్చర్యం చేద్దామని వేడినీళ్ళలో నిమ్మసబ్బు కలిపి దాక నిండా పోసి, తెల్లార్లూ నానబెట్టి, పొద్దున్నే స్టీలు పీచుతో తోమేశారు. నేను లేచి వచ్చేసరికి దాక ఎర్రగా, కొత్త ఇటుకలా ఉంది. ఆయన దాని పక్కన నవ్వుతూ నిలబడి ఉన్నారు. అది మురికి కాదు, ఏళ్ళుగా పులుసు మరిగి పట్టిన రుచి అని ఆయనకెలా తెలుస్తుందండి! మట్టి సబ్బుని లోపలికి పీల్చేసుకుంది. నీళ్ళు పోస్తే ఇప్పటికీ నురగ వస్తోంది.

ఇదే అనుకుంటే చినబాబు బాబాయిగారు ఫోన్ చేశారు. గోదారికి వరదతో ఎర్రనీరు వచ్చిందట, మామ్మగారికి ఎవరో మంచి పులస చేప పంపారట. దాన్ని తీసుకుని రేపు పొద్దున్నే ఇక్కడికి వస్తున్నారు. అలివేలు దాకలోనే వండి పెట్టమన్నారు. దాని రుచి చూస్తే ఇల్లు ఎలా ఉందో తెలిసిపోతుందన్నారట.

సబ్బు పులుసు తిన్నాక ఆవిడ నా ఉద్యోగం ఉంచుతారా? నాకు పాఠం చెప్పడం ఇష్టం అత్తయ్యగారూ. ఇంత వరకు మీకు రాయలేదు. క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయే వాడు ఒక్కడు తలెత్తి చూసినా నాకు ఆ రోజంతా పండగే. అది మానేసి ఉండలేను. ఏం చెయ్యాలో చిట్టియ్య చేత వెంటనే రాసి పంపండి.

కీర్తి


మన ఇంటి గేటు బయట, ఐసు వ్యాను లోపల
గురువారం

కీర్తీ,

రాసి పంపితే ఆలస్యమవుతుందని నేనే వ్యాను ఎక్కేశాను. అదిరిపడకు. గేటు గడప కాదు. పంచాంగం చూసే వచ్చాను. నువ్వు కిటికీలోంచి తొంగి చూడకు, నేనూ తల బయటపెట్టను. చిట్టియ్య పెరటి వైపు నుంచి చీటీలు అందిస్తాడు. మామ్మగారు వచ్చారా? దాకలో పలచటి గంజి పోసి సన్నసెగ మీద కాయండి, సబ్బు అందులోకి దిగుతుంది. పారబోసి మళ్ళీ కాయండి. మధ్యలో తవుడుతో రుద్దండి.


వంటిల్లు

అత్తయ్యగారూ, మీరు వచ్చారా! ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. మామ్మగారు హాల్లో ఉన్నారు, పడక్కుర్చీలో, సరిగ్గా తివాచీ మీద. కిటికీ చువ్వల వెనక్కి వేలు పెట్టి చూశారు. ఏమీ అంటలేదు. గంజి ఒకసారి కాచాం, ఇంకా నురగే.


వ్యాను

మళ్ళీ కాయండి. "కాచాం" అంటే ఎవరెవరు? మీ మామగారు వంటింట్లో ఉన్నారా? ముందు బయటికి పంపు! చేప చిట్టియ్యకి ఇచ్చెయ్యి, నా పక్కన ఐసులో పెడతాను. ఇంకా వండుతున్నాం అని కాలం గడపండి.


వంటిల్లు

పంపితే వెళ్ళడం లేదండి. పాడుచేసింది నేను, బాగుచేసేదీ నేనే అంటున్నారు. దాకలో నీళ్ళు సీసాలో పోసి ఊపి నురగ ఎంత వచ్చిందో చూస్తున్నారు, చెరువు నీళ్ళు చూసినట్టే. ఈసారి కొంచెం తగ్గిందట. మీ అబ్బాయి హాల్లో మామ్మగారికి రొయ్యల రోగాల గురించి చెప్పి లేవకుండా ఆపుతున్నాడు. ఆవిడకి విసుగొచ్చింది. చేప పంపాను.


వ్యాను

చేప చేరింది. అదీ నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. కాళ్ళు కొయ్యబారిపోయాయి. ఇంకెంతసేపు?


వ్యాను

ఏంటి చప్పుడు లేదు? రాయి.


వ్యాను

కీర్తీ! ఒక్క ముక్క రాయవే తల్లీ!


వంటిల్లు

చూసేశారు. మీరు వెళ్ళిపోండి అత్తయ్యగారూ, ఆవిడ గేటు దాకా వస్తారేమో. అంతా రాస్తాను.


భీమవరం
శుక్రవారం

అత్తయ్యగారికి,
కీర్తి వెయ్యి నమస్కారాలు.

మామ్మగారికి దాహం వేసిందండి. మీ అబ్బాయి నేను తెస్తానంటున్నా వినకుండా కర్ర పట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చేశారు. ఆ సమయానికి మామయ్యగారు లుంగీ ఎగ్గట్టి, భుజాన తుండు వేసుకుని, దాకని ఒళ్ళో పెట్టుకుని తవుడుతో రుద్దుతున్నారు. చేతుల నిండా నురగ. నేను గంజి గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటి నాన్నా ఇది?" అన్నారు మామ్మగారు.

మామయ్యగారు లేవబోయి, దాక జారుతుందని మళ్ళీ కూర్చున్నారు. "దాక నేనే పాడుచేశానండి అమ్మా. మురికనుకుని సబ్బు పెట్టాను. అమ్మాయి తప్పేం లేదండి. తను కాలేజీ నుంచి వచ్చి ఒళ్ళు విరిగేలా పేపర్లు దిద్దుకుంటోంది. అందుకని ఇంటి పని నేనూ అబ్బాయీ చూస్తున్నామండి. దాకకి మీరు నన్నేమైనా అనండి, అమ్మాయి ఉద్యోగం జోలికి వెళ్ళకండి" అన్నారు. అని ఊరుకున్నారా? లేదు. "ఇటు రండి, చూపిస్తాను" అని ఆవిడ చెయ్యి పట్టుకుని గుండిగల దగ్గరికి తీసుకెళ్ళారు. "ఇది చింతపండు, ఇది విబూది. ఆ వెండి చూడండి, రేకూ సోడా. మీరు ఎప్పుడైనా ఇంత తెల్లగా చూశారా?" అని ఒక్కొక్కటీ చూపిస్తున్నారు.

మామ్మగారు పెద్ద గుండిగ ముందు వంగి అందులో తన మొహం చూసుకున్నారు. పీట లాక్కుని కూర్చున్నారు. నవ్వు మొదలైందండి! భుజాలు ఎగిరిపడేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వారు. నాకు భయమేసి మంచినీళ్ళు ఇవ్వబోతే, "నువ్వాగు, వాణ్ణి ఇవ్వనీ" అన్నారు. మామయ్యగారు గ్లాసు కడిగి నీళ్ళు ఇచ్చారు. తాగి, ఖాళీ గ్లాసు మళ్ళీ ఆయన చేతికే ఇచ్చి, కడిగిందాకా చూశారు.

అప్పుడు నా వైపు తిరిగారు. ఆవిడ అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను. "నేనూ మీ అత్తా కలిసి ఇన్నేళ్ళలో వీడి చేత ఒక్క గ్లాసు కడిగించలేకపోయాం. నువ్వు ఒక్క ఆషాఢంలో గుండిగలు తోమించావు. ఇలా పాఠం చెప్పేదాన్ని ఇంట్లో కూర్చోబెడితే ఊరు నన్ను తిడుతుంది. రేపట్నించి కాలేజీకి ఒక్క పూట కూడా మానకు. ఆకివీడులో చినబాబు ఉన్నాడు, ఆదివారాలు ఖాళీగానే ఉంటాడు, వాణ్ణి కూడా నీ దగ్గరికి పంపుతాను."

నేను ఆవిడ కాళ్ళ మీద పడ్డాను. లేచేసరికి ఆవిడ, "అది సరే, నా పులస ఏది?" అన్నారు. పులస మీతోపాటే వ్యానులో వెళ్ళిపోయింది కదండీ! ఇక దాచకుండా మొత్తం చెప్పేశాను. మీరు గేటు బయట చేప పక్కన కూర్చున్నారనగానే రెండో విడత నవ్వారు. మధ్యాహ్నం పప్పుచారు, వంకాయ కూరతో భోజనం చేసి, కోడలి మీద ఇంత ప్రేమ ఉన్న అత్తనే తిననివ్వండి అని వెళ్ళిపోయారు. మళ్ళీ పులస దొరికితే వండేది మామయ్యగారట, ఆవిడ పక్కన నిలబడి చెబుతారట. దాక ఇప్పుడు బాగానే ఉందండి. గంజి కాచిన నీళ్ళు సీసాలో ఊపితే ఒక్క బుడగ రాలేదు.

పొద్దున్న కాలేజీకి వెళుతుంటే మామయ్యగారు నా క్యారేజీ కడిగి, తుడిచి ఇచ్చారు.

మీ కీర్తి


సామర్లకోట
ఆదివారం

నా బంగారు కీర్తికి,

పులస సంగతి ముందు చెప్పేస్తాను. వెనక్కి పంపుదామనే అనుకున్నాను. దుర్గ పొయ్యి మీద దాక పెట్టి నా వంక చూసింది. నేనేం చెయ్యను? చాలా బావుంది. మామ్మగారికి క్షమాపణ నేను చెప్పుకుంటాను.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర నుంచి నవ్వుతూనే ఉన్నాను. దుర్గ వాళ్ళాయనకి చదివి వినిపించాం. ఆయన మెల్లగా లేచి తన కంచం తనే సింకులో పెట్టి, ఎవరైనా చూశారా అని వెనక్కి తిరిగాడు. చూశాం. "ఉద్యోగం జోలికి వెళ్ళకండి" అని మీ మామగారు వాళ్ళమ్మతో అన్నారన్న చోట మాత్రం నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ముందు గట్టిగా దగ్గడానికి కూడా వెనకాడే మనిషి. ఈసారి కాగితం మీద తడి ఐసు కాదు, నేనే.

నీ ఉద్యోగం నిలబడింది. నా మాట నిలబడింది. నాకు ఇంకేం కావాలి అనుకున్నాను గానీ, ఒకటి కావాలని రాత్రి తెలిసింది.

ఆషాఢం అయిపోవచ్చింది. శ్రావణం రాగానే వచ్చేస్తాను. నేను గడప దాటగానే కాఫీ పెట్టు. ఇద్దరం హాల్లో కుర్చీలు వేసుకుని తాగి, గ్లాసులు కూర్చున్న చోటే పెట్టేద్దాం. నువ్వు తియ్యకు, నేనూ తియ్యను. ఆయన వచ్చి ఆ రెండు గ్లాసులూ తీసుకెళ్ళి కడుగుతుంటే నేను నా కళ్ళతో చూడాలి.

మీ అత్త
అలివేలుమంగ